ఆవాల డైరీ: మా ఆవకాయలో ఘాటు ఏమైపోయింది

8 అక్టోబర్ 2023, ఆదివారం

ముందు అసలు గొడవేంటో చెప్తా. మొన్న మే నెలలో పెట్టిన ఆవకాయ మా జాడీలో ఇంకా సగం పైనే ఉంది. గుంటూరు ఇంట్లో అక్టోబర్ నాటికి ఆవకాయ సగం మిగిలిందంటే ఎక్కడో పెద్ద తేడా కొట్టిందనే. కారం ఉంది, ఉప్పు ఉంది, ముక్క గట్టిగానే ఉంది, నూనె పైకి తేలి చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, కానీ ఆవ ఘాటు లేదు. వేడన్నంలో కలుపుకుని మొదటి ముద్ద పెట్టగానే ముక్కులోంచి నషాళానికి అంటాల్సింది ఏదీ అంటట్లేదు. మా పిన్ని ఒక్క ముద్ద తిని "ఇది ఆవకాయ కాదక్కా, మిరపకాయ పచ్చట్లో మామిడికాయ ముక్కలు" అనేసింది, ఆ మాట అమ్మకి ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

అమ్మ తీర్పు ఏంటంటే, ఆవాలు నాసిరకం, గింజలో దమ్ము లేదు, కొట్టువాడు మోసం చేశాడు. సరే, ఐతే ఈసారి ఆవాలు మనమే పండిద్దాం అన్నా. "డాబా మీదా?" అంది. డాబా మీదే అన్నా. నవ్వింది గానీ వద్దనలేదు.

కొనాల్సినవి: 15 అంగుళాల గ్రో బ్యాగులు పది, పశువుల ఎరువు, ఎర్రమట్టి, కొబ్బరి పీచు పొడి. ఊరి చుట్టూ నల్లరేగడే ఉంది కదా అనొచ్చు, కానీ బ్యాగులో ఒట్టి నల్లరేగడి వేస్తే ఎండకి బండలా పగులుద్ది, నీళ్లు పోస్తే బురదవుద్ది, ఒకసారి వంగ మొక్కలతో ఆ సరదా తీరింది.

14 అక్టోబర్

పట్నంబజారు వెళ్లి సన్నావాలు పావుకిలో తెచ్చా. కొట్టాయన "నల్లావాలండీ, ఫస్ట్ రకం" అన్నాడు. ఇంటికొచ్చి పళ్లెంలో పోసి ముందు చేసిన పని బలురక్కసి గింజలు ఉన్నాయేమో ఏరడం. రోడ్డు పక్కన పసుపు పూలతో, ఒంటినిండా ముళ్లతో పెరిగే మొక్క అది, కొందరు బ్రహ్మదండి అంటారు. దాని గింజలు అచ్చం ఆవాల్లానే ఉంటాయి, 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఆ గింజల నూనె కలిసి జనం కాళ్లు వాచి చచ్చిపోయారు. గుర్తు పట్టడం తేలికే: ఆవగింజ పైన నున్నగా ఉంటుంది, నలిపితే లోపల పసుపు. బలురక్కసి గింజ గరుగ్గా ఉంటుంది, నలిపితే లోపల తెలుపు. నా పావుకిలోలో ఒక్కటి కూడా దొరకలా. కొట్టాయన మీద సగం కోపం అక్కడే తగ్గింది, అమ్మకి మాత్రం చెప్పలా.

తర్వాత రాత్రి కూర్చుని చదువుతుంటే తెలిసింది, మనం నల్లావాలు నల్లావాలు అని కొనేవి అసలు నల్లావాలే కాదంట. అసలైన నల్ల ఆవ మొక్క బ్రాసికా నైగ్రా. మన కిరాణా కొట్లో దొరికేవి దాదాపు అన్నీ బ్రాసికా జున్షియా, అంటే ఇండియన్ మస్టర్డ్, రంగు ముదురైతే నల్లావాలు అని పిలిచేస్తారు. ఇంకా గమ్మత్తు ఏంటంటే ఈ జున్షియా ఆ నైగ్రాకి సొంత బిడ్డే. ఎప్పుడో నైగ్రాకీ, టర్నిప్ జాతి మొక్క బ్రాసికా రాపాకీ సంకరం కుదిరి పుట్టింది. నైగ్రావి 8 జతల క్రోమోజోములు, రాపావి 10, బిడ్డకి ఎవరివీ వదలకుండా 18 జతలు. ఈ లెక్క 1935లో తేల్చింది కొరియా తండ్రికీ జపాన్ తల్లికీ పుట్టిన ఒక శాస్త్రవేత్త, కొరియాలో ఊ జాంగ్ చున్ అంటారు, జపాన్ పేరు నాగహారు ఊ. క్యాబేజీ, ఆవ, టర్నిప్ చుట్టరికాలన్నీ ఒక త్రిభుజంలో గీసి పెట్టాడు, ఇప్పటికీ దాన్ని ఊ త్రిభుజం అనే అంటారు. పెళ్లిసంబంధాల పేరయ్య కూడా అంత పొందిగ్గా చెప్పలేడు.

మరి ఆ నైగ్రా ఏమైపోయింది అంటే, యూరప్‌లో 1950ల దాకా దాన్నే పండించారు, తర్వాత కోత మిషన్లు వచ్చాక వదిలేశారు. మనిషెత్తు దాటి పెరుగుద్ది, కాయ పండగానే ఫట్టున పగిలి గింజ రాల్చేసుద్ది, మిషన్‌కి పనికిరాదు. జున్షియా పొట్టి, కాయ అంత తేలిగ్గా పగలదు.

ఇదంతా చదివాక కిరాణా ఆవాలొక్కటే వేస్తే ఏం బాగుంటుంది, నైగ్రాని కూడా తేవాలనిపించింది. హిందీలో నైగ్రాకి బనారసీ రాయి అని పేరుంది. పిన్నీవాళ్లు కాశీలోనే ఉన్నారు ఇప్పుడు, యాత్రకి వెళ్లారు. ఫోన్ చేసి గంగాజలం చెంబుతోపాటు కాస్త బనారసీ రాయి కూడా పట్రా పిన్నీ అన్నా. "కాశీకి వెళ్తే ఏదో ఒకటి వదిలేసి రావాల్రా, తెచ్చుకునేది కాదు" అంది.

22 అక్టోబర్, రేపు దసరా

పిన్ని గుమ్మడికాయ వదిలేసి, ఆవాలు తెచ్చింది. చిన్న కాయితం పొట్లం, యాభై గ్రాములు ఉంటాయేమో. చూడగానే తేడా తెలుస్తోంది, కిరాణా ఆవగింజ పక్కన పెడితే ఇవి నలుసుల్లా ఉన్నాయి. మా ఇంట్లో బంగారం తూచే చిన్న త్రాసు ఉంది, వంద గింజలు లెక్కపెట్టి తూచా (అవును, లెక్కపెట్టా, ఆదివారం కదా). కిరాణావి వంద గింజలు 0.23 గ్రాములు, కాశీవి వంద గింజలు 0.12. సగం. నైగ్రా గింజ ఒక మిల్లీమీటరు ఉంటుందని చదివింది సరిపోయింది, ఐనా పూర్తిగా నమ్మాలంటే కాయ కట్టేదాకా ఆగాలి.

ఏడు బ్యాగుల్లో కిరాణావి, మూడింట్లో కాశీవి వేశా. గింజలు ఇంత సన్నగా ఉంటే చేత్తో చల్లితే ఒకేచోట పడతాయి, అందుకని గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లి, పైన వేలి మందంలో సగం మట్టి కప్పి, రోజ్ డబ్బాతో నీళ్లు. కింద పోర్షన్ మాస్టారు పైకొచ్చి చూసి "ఆవాలు శీతాకాలం పంటయ్యా, మన గుంటూరుకి శీతాకాలం ఎక్కడిది" అన్నారు. నిజమే, ఉత్తరాదిలో లాగా మనకి చలి ఉండదు, కానీ ఉన్న ఆ రెండు మూడు నెలల చలి నవంబర్ నుంచి జనవరే కాబట్టి ఇప్పుడు వేయకపోతే ఇంకెప్పుడూ కాదు.

26 అక్టోబర్

నాలుగో రోజుకే మొలిచినయ్. రెండు ఆకులు, మధ్యలో నొక్కు పడి గుండె ఆకారంలో. కాశీవి రేపో ఎల్లుండో వస్తాయి, ఒకటీ అరా తల ఎత్తుతున్నాయి.

5 నవంబర్

పొద్దున్నే వెళ్తే ఆకులకి చిల్లులు. దగ్గరికెళ్లి చూస్తే నల్లటి చిన్న పురుగులు, ముట్టుకుంటే చుట్టుకుని దబ్బున కింద పడిపోతున్నాయి, చచ్చినట్టు నటన. ఆవ రంపపు ఈగ పిల్లలంట ఇవి, చూడ్డానికి గొంగళిపురుగుల్లా ఉంటాయి గానీ సీతాకోకచిలుక జాతి కాదు. పడిపోయే గుణం మనకి లాభమే, మొక్క కింద చేట పెట్టి మెల్లిగా తడితే అన్నీ చేటలో పడతాయి. మూడు పొద్దుటలు అలా చేశా, ఆఫీస్ కాల్‌లో చేట పట్టుకుని కనపడ్డా కూడా. మందు కొట్టలేదు.

ఇక్కడొక సంగతి నాకు బాగా నచ్చింది. ఆవాల ఘాటు మన ఆవకాయ కోసం పుట్టింది కాదు, ఇలాంటి పురుగుల కోసమే పుట్టింది. మొక్కలో సినిగ్రిన్ అనే సరుకు ఒక అరలో, మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకో అరలో విడివిడిగా ఉంటాయి. విడిగా ఉన్నంతసేపూ ఘాటు లేదు. పురుగు కొరికితే అరలు పగిలి, తడిలో రెండూ కలిసి, అప్పటికప్పుడు ఆలైల్ ఐసోథయోసయనేట్ తయారవుద్ది, అదే మన ముక్కు పేల్చే ఘాటు. ఐతే ఈ నల్ల పురుగులు, ఆవ పేను లాంటివి ఆ ఘాటుకి తట్టుకునేలా తయారయ్యాయి, అందుకే పక్కన ఉన్న తోటకూర వదిలేసి వెతుక్కుని మరీ దీన్నే తింటున్నాయి. మన ఊరోళ్లు మిరపకాయ బజ్జీలకి ఎగబడినట్టు.

12 నవంబర్, దీపావళి

ఒత్తుగా ఉన్న మొక్కలు పీకేశా, బ్యాగుకి నాలుగు ఉంచా, కాశీవైతే మూడే, అవి ఎత్తు పెరుగుతాయి కాబట్టి. పీకిన లేత ఆకుతో అమ్మ పప్పు చేసింది, ఆవాకు పప్పు మా ఇంట్లో ఇదే మొదటిసారి. పచ్చి ఆకు నమిలితే ఘాటు ఉంది, పప్పులో ఉడికాక పోయింది, పాలకూరలా ఉంది. ఇది అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

కిరాణా బ్యాగులు నాలుగింటికి జిప్సం వేశా, మూడింటికి వేయలేదు. సినిగ్రిన్‌లో గంధకం ఉంటుంది, మట్టిలో గంధకం తక్కువైతే ఘాటు కూడా తగ్గుతుంది. జిప్సంలో ఆ గంధకం ఉంటుంది, బాపట్ల వైపు వేరుశనగ రైతులు వేసేదే, బ్యాగుకి ఒక పెద్ద చెంచా.

2 డిసెంబర్

కిరాణా మొక్కలు పూతకొచ్చాయి, నలభై ఒకటో రోజు. డాబా ఒక మూలంతా పసుపు. పువ్వుకి నాలుగే రెక్కలు, ప్లస్ గుర్తులా. లోపల ఆరు కేసరాలు, నాలుగు పొడుగు, రెండు పొట్టి. చిన్న తేనెటీగలు తెల్లారేసరికే వస్తున్నాయి. తుపాను అంటున్నారు టీవీలో.

6 డిసెంబర్

మిగ్‌జాం నిన్న మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. మనకి అదెంత దూరం. మొన్న రాత్రి బ్యాగులు మెట్ల గదిలోకి ఈడ్చా, అవసరం లేదు అనుకున్న మూడు బ్యాగులు గోడ వార పెట్టి టార్పాలిన్ కప్పా, ఆ టార్పాలిన్ ఎటు పోయిందో తెలీదు. కిరాణా మొక్కలు పదకొండు విరిగాయి, కాశీ మొక్కలు తొమ్మిదిలో ఆరు పోయాయి, అవి అప్పటికే నడుమెత్తు ఉన్నాయి, మెట్ల గది తలుపు గాలికి కొట్టుకుని వాటి మీదే పడింది. అంటే లోపల పెట్టినవే ఎక్కువ పోయాయన్నమాట.

రాయాలనుకున్నది ఇంకా ఉంది గానీ మానేశా. తెనాలి వైపు మా బంధువుల వరి కోతకొచ్చి నీళ్లల్లో పడుకుంది, వాళ్లతో ఫోన్ మాట్లాడాక గ్రో బ్యాగుల గురించి ఏడవడం సిగ్గనిపించింది.

17 డిసెంబర్

మబ్బులు పోలేదు, పేనుబంక వచ్చింది. పూగుత్తుల కాడల చుట్టూ బూడిద పూసినట్టు. లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కలు గిన్నెల సబ్బు లిక్విడ్, సాయంత్రం పూట కొట్టా, పొద్దున కొడితే తేనెటీగలకి తగులుద్ది. మూడో రోజుకి అక్షింతల పురుగులు దిగాయి, ఇక నేను చెయ్యాల్సింది లేకుండా పోయింది.

1 జనవరి 2024

కాశీ మొక్కల్లో మొదటిది పూసింది. ఇప్పుడది నా భుజం దాకా ఉంది, వెదురు కర్రకి కట్టా. మిగతా రెండూ ఇంకా మొగ్గ కూడా వేయలేదు.

14 జనవరి, భోగి

కిరాణా మొక్కల కాయలు బొద్దుగా నిండుతున్నాయి, కాశీ దాంట్లో మాత్రం పువ్వు రాలుతోంది, కాయ కట్టట్లేదు. సన్నగా పుల్లలా ఒక అరంగుళం వచ్చి ఎండిపోతోంది. బోరాన్ లోపమేమో అనుకుని చిటికెడు బోరాక్స్ కలిపి కూడా పోశా, లాభం లేదు. తర్వాత తెలిసింది, నైగ్రాకి తన పుప్పొడి తనకి పనికిరాదు, వేరే నైగ్రా మొక్కది కావాలి. బిడ్డ జున్షియాకి ఆ పట్టింపు లేదు, ఒక్కటే ఉన్నా తనంతట తను కాయలు కట్టేస్తుంది. అంటే పదిహేను రోజుల నుంచి ఈ మొక్క పెళ్లిచూపులకి కూర్చుని ఉంది, పక్కవాళ్లిద్దరూ ఇంకా చిన్నపిల్లలు.

మంచి సంగతేంటంటే రెండోది నిన్న పూసింది, మూడోది ఈ వారంలో పూస్తుంది. తుపాను తర్వాత తేనెటీగలు కూడా తగ్గాయి, అందుకని చిన్నప్పటి వాటర్ కలర్ బ్రష్ తీసి రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి దీని పువ్వు మీద, దాని పువ్వు మీద, మళ్లీ దీని మీద. భోగి మంట దగ్గరికి రాకుండా డాబా మీద బ్రష్‌తో ఏం చేస్తున్నాడని అక్క కొడుకు పైకొచ్చాడు, వాడికి చెప్తే వాడు కూడా ఒక బ్రష్ తెచ్చుకున్నాడు. పండగ మూడ్రోజులూ ఆ డ్యూటీ వాడిదే.

26 జనవరి

కాయలు కట్టాయి! చూడగానే అనుమానం తీరిపోయింది, ఇది నైగ్రానే. కిరాణా ఆవ కాయ పొడుగ్గా ఉండి కాడకి దూరంగా చెయ్యి చాపినట్టు ఉంటుంది, దీనివి పొట్టివి, రెండు సెంటీమీటర్లు కూడా లేవు, నలుపలకలుగా ఉండి కాడని కరుచుకుని నిలబడ్డాయి, అమ్మ నడుముని పట్టుకున్న పిల్లాడిలా. మొక్క ఇప్పుడు నాకంటే ఎత్తు.

4 ఫిబ్రవరి

కిరాణా పంట కోత. కాయలు ముప్పాతిక వంతు పసుపుకి తిరగ్గానే కోసేయాలి, అన్నీ ఎండేదాకా ఆగితే రాలిపోతాయి. పొద్దున మంచు తడి ఉండగానే మొదలు దగ్గర కోసి, అమ్మ పాత చీర పరిచి మీద వేసి, నాలుగు రోజులు ఎండబెట్టి, కాళ్లతో నలిపి, అమ్మ చేటతో చెరిగింది. నేను చెరిగితే ఆవాలు, పొట్టు కలిసే పక్కింటి డాబా మీదికి పోతున్నాయి, అమ్మ చేతిలో మాత్రం పొట్టు పొట్టే పోతోంది.

జిప్సం వేసిన బ్యాగులవి, వేయనివి వేరువేరుగా తూచా. మొత్తం కలిపి 112 గ్రాములు, పదిహేడు మొక్కలకి. పట్నంబజారులో ఇది ఎంతకొస్తుందో అమ్మ లెక్కేసి చెప్పింది, ఇక్కడ రాయను.

3 మార్చి

ఇవాళ తప్పు నాదే. కాశీ మొక్కల కాయలు పసుపుకి తిరిగాయి, శుక్రవారం కోద్దామనుకుని ఆదివారం అన్నా. నిన్న ఎండ దంచేసింది, ఇవాళ తొమ్మిదింటికి పైకెళ్తే గచ్చంతా నల్ల చుక్కలు. యూరప్ వాళ్లు ఎందుకు వదిలేశారో గచ్చు చూస్తే అర్థమైంది. పావురాలు అప్పటికే టిఫిన్ చేస్తున్నాయి.

చీపురుతో ఊడిస్తే గింజలతోపాటు ఇసుక, సున్నం పెచ్చులు, చీమలు. నీళ్లల్లో వేసి తేలుద్దామంటే తడిస్తే పనంతా పాడు. అప్పుడు అమ్మ స్టీల్ పళ్లెం తెచ్చి, ఊడ్చిందంతా ఒక అంచున పోసి, పళ్లెం కొంచెం వంచి మునివేళ్లతో తట్టింది. ఆవగింజ గుండ్రం కాబట్టి గబగబా దొర్లుకుంటూ కిందికొచ్చేస్తుంది, ఇసుక కదలక అక్కడే ఉంటుంది. పది నిమిషాల్లో శుభ్రం. చదువుకున్నవాణ్ని, జల్లెడ కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతున్నా అప్పటికి.

మొత్తం కాశీ పంట 11 గ్రాములు. సీసా మూతకి రెండింతలు.

10 మార్చి: ఘాటు పరీక్ష

అసలు పని ఇది. ఏడు చిన్న గిన్నెలు, ఒక్కోదాంట్లో ఒక చెంచా పొడి, రెండు చెంచాల నీళ్లు. నేనూ, అమ్మా, మాస్టారూ వాసన చూసి, టూత్‌పిక్ చివర తాకించుకుని మార్కులు వేశాం.

పొడి కొట్టగానే, నీళ్లు పోయకముందు వాసన చూస్తే ఏమీ లేదు, చెక్కపొడి వాసన. చన్నీళ్లు పోసిన వాటిలో రెండు నిమిషాలకి కొంచెం తెలిసింది, పది నిమిషాలకి మాస్టారు గిన్నె మీద వంగి, వెనక్కి ఒక అడుగు వేసి, కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. కాశీ ఆవాలది అన్నిటికంటే పదును, ఒక్కసారి ముక్కులో సూదిలా దిగి పోతుంది. జిప్సం వేసినవి వేయనివాటికంటే ఘాటని ముగ్గురిలో ఇద్దరు అన్నాం, మాస్టారు తేడా లేదన్నారు, అప్పటికే ఆయన ముక్కు పనిచేయడం మానేసి ఉంటుంది.

మిరపకాయతో పోలిస్తే ఇది పూర్తిగా వేరే రకం మంట. మిరప మంట నాలుక మీద పడి కదలదు, నీళ్లు తాగినా పోదు, ఆవ ఘాటు ఆవిరై ముక్కులోకి ఎక్కి అర నిమిషంలో దిగిపోతుంది. ఒళ్లు దాన్ని పట్టుకునే తలుపులు కూడా వేరు. మిరపకాయ మంట తెలిసే రిసెప్టర్‌ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ ఇచ్చారు, ఆవ ఘాటుది దాని పక్కింటిది, పేరు టీఆర్‌పీఏ1. గుంటూరోళ్లం మిర్చి యార్డ్ పక్కన పుట్టి మొదటిదానికి అలవాటు పడ్డాం గానీ, రెండోదానికి మేమూ అందరిలాంటివాళ్లమే.

సలసలా కాగే నీళ్లు పోసిన గిన్నెలో పావుగంటకి కూడా ఏమీ లేదు, కాస్త చేదు అంతే. వేడికి ఎంజైమ్ చచ్చిపోయింది. తాలింపులో ఆవాలు చిటపటలాడాక ఘాటుండకపోవడానికీ, నవంబర్లో ఆవాకు పప్పు చప్పబడిపోవడానికీ కారణం ఇదే. ముందే నిమ్మరసం పిండిన దాంట్లో ఘాటు నెమ్మదిగా, తక్కువగా వచ్చింది. అమ్మ ఇదంతా చూసి "దీనికి ఇన్ని గిన్నెలు ఎందుకురా, ఆవ పెట్టేటప్పుడు చన్నీళ్లతోనే నూరాలి, కూర దించాకే కలపాలి, మా అమ్మ చెప్పేది కదా" అంది. పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడూ పొయ్యి కట్టేశాకే పెట్టడం చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నా.

ఇక చివరి గిన్నె. అందులో వేయించి కొట్టిన ఆవపిండి, కిరాణా ఆవాలే, చన్నీళ్లే. ఎందుకు పెట్టానంటే ఊరికే, పోలికకి. పావుగంట, అరగంట, ఏమీ లేదు. వాసన మాత్రం కమ్మగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన మే నెలలో రెండు రోజులు మబ్బు పట్టింది, ఆవాలు ఎండబెట్టడం కుదర్లేదు, ఆవాలు పొడి కొట్టించే పని నాకప్పగించారు. తడిగా ఉంటే మిక్సీలో ముద్దైపోద్దని నేనే బాణలిలో వేసి, ఒకటి రెండు పేలేదాకా, బాగా వేయించి, చల్లార్చి, మెత్తగా కొట్టి ఇచ్చా. ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన సంగతి అని కూడా అనుకోలేదు.

పది నెలలుగా ఆ కొట్టాయన్ని తిడుతున్నాం.

అమ్మకి చెప్పా. కాసేపు నా వైపు చూసి, "మరి ముందే చెప్పొచ్చుగా, ఈ మట్టీ గిట్టీ మోసే పని తప్పేది" అంది. మాస్టారు పకపకా నవ్వారు.

అక్కడితో ఆపలేదు లెండి. వేయించిన దాంట్లో ఎంజైమ్ చచ్చింది గానీ సినిగ్రిన్ అలాగే మిగిలి ఉండాలి కదా అని, ఆ ముద్దలో చిటికెడు పచ్చి ఆవపిండి కలిపా. పక్కన ఇంకో గిన్నెలో అదే చిటికెడు ఒట్టి నీళ్లలో వేశా, పోల్చుకోడానికి. పావుగంటకి ఒట్టి నీళ్లది ఏదో పేరుకి ఉంది, వేయించిన ముద్దది ముక్కు పట్టేసింది! చిటికెడు పచ్చిపిండిలో ఉన్న ఎంజైమ్ మొత్తం ముద్దలో సరుకునంతా లేపింది. ఈ రెండు గిన్నెలు అమ్మ మూడుసార్లు మార్చి మార్చి వాసన చూసింది, ఈ ఆరు నెలల్లో ఆమె నా ప్రాజెక్టుకి మర్యాద ఇచ్చింది ఆ ఒక్కసారే.

13 మార్చి

కాశీ ఆవాలు పరీక్షకి పోను ఏడు గ్రాములు మిగిలితే చిన్న స్టీల్ డబ్బాలో పోసి పోపులపెట్టె పక్కన పెట్టా. ఇవాళ చారులో తాలింపు అమోఘంగా ఉందని రెండోసారి పోయించుకున్నాక తెలిసింది, పోపులపెట్టెలో ఆవాలు అయిపోతే అమ్మ ఆ డబ్బాలోవి వేసిందంట. కాశీ నుంచొచ్చి, తుపాను తట్టుకుని, బ్రష్‌తో పెళ్లి చేయించుకుని, చివరికి నూనెలో చిటపట. మిగిలిన నాలుగున్నర గ్రాములు విత్తనానికని సీసాలో పోసి, "తాలింపుకి కాదు" అని రాసి బీరువాలో పెట్టా.

28 ఏప్రిల్, ఆదివారం

ఆవకాయ రోజు. పెద్ద జాడీకి పట్నంబజారు ఆవాలే, అదే కొట్టు, నేనే వెళ్లి తెచ్చా, కాస్త ఎక్కువ మర్యాదగా మాట్లాడా కూడా. రెండు రోజులు ఎండలో పెట్టి, మిక్సీ ఆపి ఆపి తిప్పి పొడి కొట్టా. ఎండకి వేడెక్కినా బాణలి వేడంత రాదు, ఎంజైమ్‌కి ఏమీ కాదు. నా 112 గ్రాముల్లో పరీక్షకి పోయింది పోగా మిగిలింది ఒక్క పెద్ద కాయ ముక్కలకి సరిపోయింది, దానికి వేరే పిల్ల జాడీ. కారం, ఉప్పు, ఆవపిండి సమానంగా, పప్పునూనె.

కలిపిన రోజు ఆవకాయ ఎందుకు ఘాటుగా ఉండదో ఇప్పుడు తెలుసు. నూనెలో ఆవపిండికి నీళ్లు తగలవు. ఉప్పు ముక్కల్లోంచి ఊటని బయటికి లాగాలి, ఆ ఊట పిండిని తడపాలి, అప్పుడే ఘాటు పుట్టడం మొదలవుద్ది. మూడో రోజు తిరగేయమనేది అందుకే అయ్యుంటుంది, అడుగున ఊరిన ఊట పైన ఉన్న పిండికి కూడా తగలాలి కదా.

1 మే

తిరగేశాం. పిల్ల జాడీ మూత తీయగానే మొహం పక్కకి తిప్పుకోవాల్సి వచ్చింది. వేడన్నం, నెయ్యి వద్దన్నా, ఘాటు తగ్గిపోద్దని. పిన్నిని కూడా పిలిచాం, ఆమె ఎదురుగా తినాలని అమ్మ పంతం. పిన్ని మొదటి ముద్ద పెట్టుకుని, కళ్లు మూసుకుని, ముక్కు పట్టుకుని, చేత్తో ఆగమన్నట్టు సైగ చేసి, అర నిమిషానికి నీళ్లు నిండిన కళ్లు తెరిచింది. అమ్మ ఏమంటుందా అని చూస్తోంది.

"ఘాటు బానే ఉందక్కా," అంది పిన్ని, "ఉప్పే చాల్లేదు."